కొత్త యంత్రమా, ఉన్న యంత్రాన్ని నడిపించే మనిషా? పేద ఆసుపత్రులకు ముందు ఏది కావాలి?

వంశధార (చర్చ ప్రారంభం)

బయోమెడికల్ ఇంజినీరింగ్ చదివి, పదకొండేళ్లుగా ఆసుపత్రి పరికరాలు బాగు చేస్తున్నాను. మూడు జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రులు నా పరిధి. ఈ మధ్య ఒక ఇంజినీరింగ్ కళాశాల వారు విద్యార్థుల ప్రాజెక్టులు చూసి బహుమతులు నిర్ణయించమని పిలిచారు. ముప్పై రెండు ప్రాజెక్టులు ఉంటే ముప్పై రెండూ కొత్త పరికరాలే. పాడైపోయి పక్కన పడేసిన యంత్రాన్ని మళ్లీ నడిపించడం ఎలా అని ఒక్కరూ ఆలోచించలేదు. పిల్లల తప్పు కాదు, వాళ్లకు అలా ఆలోచించమని ఎవరూ చెప్పలేదు.

ఆ వారంలోనే ఒక ఆసుపత్రిలో సామాను గది తెరిపించాను. లోపల ఆరు రేడియంట్ వార్మర్లు ఉన్నాయి, అప్పుడే పుట్టిన బిడ్డలను వెచ్చగా ఉంచే బల్లలు. వాటి మీద పాత పరుపులు, విరిగిన సెలైన్ స్టాండ్లు పడేసి ఉన్నాయి. ఒక్కొక్కటీ విప్పి చూశాను. నాలుగింటిలో పోయింది ఒకే వస్తువు: బిడ్డ పొట్ట మీద అంటించే ఉష్ణోగ్రత ప్రోబు. ఆ సన్నని తీగ మెలికలు పడీ పడీ లోపల తెగిపోతుంది. ప్రోబు లేకపోతే బిడ్డ ఒళ్లు ఎంత వెచ్చగా ఉందో యంత్రానికి తెలియదు. అలారం మోగుతూనే ఉంటుంది. మోత భరించలేక ఎవరో ప్లగ్గు పీకేస్తారు. వారం తర్వాత అది సామాను గదికి చేరుతుంది. పక్క వార్డులో ఒకే వార్మర్ మీద ఇద్దరు బిడ్డలను పడుకోబెట్టారు.

ఇది మన ఒక్కరి సంగతి కాదు. పేద దేశాల ఆసుపత్రుల లెక్కలన్నీ కలిపి చూసి, దాదాపు 40 శాతం పరికరాలు పని చేయడం లేదని డ్యూక్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రాబర్ట్ మాల్కిన్, ఆయన సహ పరిశోధకురాలు 2011లో రాశారు. మన దేశంలో కేంద్ర ఆరోగ్య శాఖ 29 రాష్ట్రాల్లో లెక్క తీయిస్తే 29,115 ఆరోగ్య కేంద్రాల్లో 7,56,750 పరికరాలు తేలాయి. విలువ సుమారు 4,564 కోట్ల రూపాయలు. రాష్ట్రాన్ని బట్టి అందులో 13 నుంచి 34 శాతం వరకు మూలన పడి ఉన్నట్లు అప్పుడు తేలింది.

మరోవైపు చూడండి. కారు విడిభాగాలతో శిశువుల ఇంక్యుబేటర్ తయారు చేశారు, నియోనర్చర్ అని. హెడ్‌లైటుతో వేడి, కారు ఫ్యానుతో గాలి. టైమ్ పత్రిక 2010లో ఆ ఏటి గొప్ప ఆవిష్కరణల జాబితాలో చేర్చింది. కానీ దాన్ని తయారు చేసి అమ్మడానికి ఏ కంపెనీ ముందుకు రాలేదు. దాని రూపకర్త టిమోతీ ప్రెస్టెరో ఆ సంగతి వేదిక ఎక్కి తానే చెప్పుకున్నారు. ఆ నిజాయితీకి దండం పెడతాను.

నా వాదన ఇది. వచ్చే పదేళ్లు కొత్త పరికరాల మీద పెట్టే డబ్బులో సగం తీసి, బాగు చేసేవారి జీతాలకు, విడిభాగాలకు, నర్సుల శిక్షణకు పెడితే ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయి. కాదనేవారు కారణాలు చెప్పండి.

తుంగభద్ర

వంశధార గారూ, మీ కోపం అర్థమైంది. కానీ నాలుగు వార్మర్లలో పోయింది ఒకే వస్తువు అని మీరే రాశారు. అయితే అది బాగు చేసేవాడు లేని లోపం ఒక్కటే కాదు కదా, ఆ వస్తువును గీసినవారి లోపం కూడా. ఇద్దరు బిడ్డలకు ఒక నర్సు ఉండే చోట, సొరుగు నిండా అదనపు ప్రోబులు ఉండే చోట కూర్చుని దాన్ని గీశారు. మన దగ్గర అదే ప్రోబు రోజుకు నలుగురైదుగురు బిడ్డల మీదికి మారుతుంది. ప్రతిసారీ స్పిరిటుతో తుడుస్తారు, లాగుతారు, చుడతారు. తెగని ప్రోబు తయారు చేయడం కూడా ఆవిష్కరణే. అది చేయకుండా ఏడాదికి నాలుగు ప్రోబులు మార్చే మనిషికి జీతం ఇద్దామనడం చిల్లు కుండకు నీళ్లు మోసినట్లు ఉంటుంది.

నేను హైదరాబాదులో శ్వాస పరికరాలు తయారు చేసే చిన్న సంస్థలో పనిచేస్తాను. ఈ రంగంలోకి రావడానికి నన్ను కదిలించింది మలావీ. బ్లాంటైర్‌లోని క్వీన్ ఎలిజబెత్ ఆసుపత్రి వైద్యులు, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం విద్యార్థులు, అధ్యాపకులు కలిసి పుమానీ అనే బబుల్ సీప్యాప్ యంత్రం, అంటే బిడ్డ ఊపిరితిత్తులు ముడుచుకోకుండా ఒత్తిడితో గాలి పంపే యంత్రం, తయారు చేశారు. మొదటి నమూనాలో గాలి కొట్టింది చేపల తొట్టెల్లో వాడే పంపులు. ఊపిరి అందని నవజాత శిశువులకు ఆ ఆసుపత్రిలో అప్పటిదాకా ఉన్నది ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం ఒక్కటే. 2014లో ఫలితాలు ప్రచురించారు: ఆక్సిజన్ మాత్రమే అందుకున్న శిశువుల్లో 44 శాతం బతికితే, సీప్యాప్ మీద ఉన్నవారిలో 71 శాతం బతికారు. ఆ యంత్రం పుట్టకపోతే, ఎంతమంది మెకానిక్కులను పెట్టినా వాళ్లు బాగు చేయడానికి అక్కడ అసలేముంది?

మన దేశం సంగతీ చెప్తాను. శుక్లం తీశాక కంటిలో పెట్టే లెన్సు దిగుమతి అయినప్పుడు వంద డాలర్ల చుట్టుపక్కల ఉండేది. 1992లో మధురైలో అరవింద్ కంటి ఆసుపత్రి వారు ఆరోల్యాబ్ పెట్టి పది డాలర్లకు తెచ్చారు, తర్వాత ఇంకా దించారు. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో గుండె కవాటం కోసం ఏళ్ల తరబడి పనిచేశారు. మొదటి మూడు నమూనాలు విఫలమయ్యాయి. నాలుగోది 1990 డిసెంబరు 6న మొదటిసారి ఒక రోగి గుండెలో అమర్చారు. ఇప్పటికి అలాంటివి లక్షకు పైగా అమర్చారు. మూడోసారి విఫలమైనప్పుడు ఎవరైనా వచ్చి, ఈ డబ్బుతో నర్సులకు శిక్షణ ఇద్దాం అని ఉంటే? ఆ సంస్థను నడిపించిన డాక్టర్ వలియాథన్ గారు, అక్కడి ఇంజినీర్లు ఒప్పుకోలేదు కాబట్టి ఈ రోజు ఆ కవాటం ఉంది.

లెక్కలపుస్తకం

ఇద్దరూ పెద్దమనుషుల్లా వాదిస్తున్నారు, సంతోషం. ఆరోగ్య శాఖ కొనుగోళ్ల విభాగంలో ఇరవై ఆరేళ్లు పనిచేసి విరమణ పొందాను. మీరిద్దరూ చూడని గది ఒకటుంది. టెండరు తెరిచే గది.

టెండరులో ఎల్-1 అంటే అందరికన్నా తక్కువ ధర వేసినవాడు. ధర అంటే యంత్రం ధర. ఆ యంత్రం పదేళ్లలో తినే ప్రోబులు, ఫిల్టర్లు, గొట్టాలు, బ్యాటరీలు ఎంత అన్నది నేను చేరినప్పుడు ఏ కాగితంలోనూ ఉండేది కాదు. కంపెనీలు తెలివిగా యంత్రాన్ని చవకగా ఇచ్చి, ఆ తర్వాత తమ ఒక్కరి దగ్గరే దొరికే గొట్టాల మీద సంపాదించుకునేవి. మూడేళ్ల వారంటీ ముగిసిన మర్నాటి నుంచి నిర్వహణ ఒప్పందానికి పద్దు ఉండేది కాదు. యంత్రం కొనడానికి ఒక పద్దు, నడపడానికి మరో పద్దు. మొదటిదానికి ప్రారంభోత్సవం ఉంటుంది, ఫొటో ఉంటుంది. రెండోదానికి ఏమీ ఉండదు.

తర్వాత కొంత మారింది. 2015లో కేంద్రం పరికరాల నిర్వహణ కార్యక్రమం తెచ్చింది, రాష్ట్రాలు సంస్థలకు ఒప్పందాలు ఇచ్చాయి. యంత్రం ఎన్ని రోజులు పనిచేసిందో చూసి డబ్బు చెల్లించే పద్ధతి వచ్చింది. వంశధార గారి ఉద్యోగం బహుశా అందులోదే. నేను చెప్పదలచింది ఒక్కటే: పదేళ్ల మొత్తం ఖర్చు టెండరు పత్రంలో లేనంత కాలం, తుంగభద్ర గారు తెగని ప్రోబు తయారు చేసినా అది ఎల్-1 కాదు. దాన్ని ఎవరూ కొనరు. తయారు చేసినవారు దివాలా తీస్తారు.

రావిచెట్టు

పిల్లల వైద్యుడిని. తుంగభద్ర గారు మలావీ ప్రస్తావన తెచ్చారు కాబట్టి ఆ కథ రెండో సగం కూడా చెప్పాలి. దాని గురించి నేను చాలా రాత్రులు ఆలోచించాను.

ముందు బబుల్ సీప్యాప్ తెలియనివారికి నాలుగు మాటలు. బిడ్డ ముక్కులో చిన్న గొట్టాలు పెట్టి గాలి, ఆక్సిజన్ కలిపి పంపుతారు. బిడ్డ వదిలే గాలి ఇంకో గొట్టంలోంచి వెళ్తుంది. ఆ గొట్టం చివర నీళ్ల సీసాలో మునిగి ఉంటుంది. 5 సెంటీమీటర్లు ముంచితే 5 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి. ఊపిరి వదిలినప్పుడు కూడా తిత్తులు పూర్తిగా ముడుచుకోకుండా ఆ ఒత్తిడి నిలబెడుతుంది. అంతే. శాన్‌ఫ్రాన్సిస్కోలో డాక్టర్ గ్రెగరీ 1971లో నవజాత శిశువుల మీద సీప్యాప్ ఫలితాలు చూపారు. యాభై ఏళ్ల పాత భౌతికశాస్త్రం.

ఢాకాలో డాక్టర్ జొబాయెర్ చిష్తీ షాంపూ సీసాతో ఇదే చేశారు. తీవ్రమైన న్యుమోనియాతో వచ్చిన ఐదేళ్లలోపు పిల్లల మీద పరీక్ష. 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మామూలు ఆక్సిజన్ ఇచ్చిన 67 మందిలో 10 మంది చనిపోయారు. బబుల్ సీప్యాప్ ఇచ్చిన 79 మందిలో ముగ్గురు. తేడా అంత స్పష్టంగా ఉండడంతో పరీక్షను ముందే ఆపారు. నేను ఆ వ్యాసం చదివి మా వార్డులో అందరికీ చదివి వినిపించాను.

నాలుగేళ్ల తర్వాత, 2019లో, మలావీలోని సలీమా జిల్లా ఆసుపత్రి ఫలితాలు వచ్చాయి. తీవ్ర న్యుమోనియాతో పాటు హెచ్‌ఐవీయో, పోషకాహార లోపమో, రక్తంలో ఆక్సిజన్ తగ్గడమో ఉన్న, నెల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు. మామూలు ఆక్సిజన్ మీద 323 మందిలో 35 మంది చనిపోయారు. బబుల్ సీప్యాప్ మీద 321 మందిలో 53 మంది. ఎక్కువ మంది! అది కూడా ముందే ఆపారు, కానీ ఈసారి కొనసాగించినా మేలు తేలే ఆశ లేదని.

రెండు చోట్లా ముక్కులో గొట్టం, నీళ్ల సీసా, బుడగలు. ఢాకాలో రాత్రింబవళ్లు వైద్యులు, అనుభవం ఉన్న నర్సులు ఉన్న పరిశోధన ఆసుపత్రి. సలీమాలో రోజూ వార్డుకు వచ్చే వైద్యుడు లేడు. పిల్లల జబ్బులు కూడా వేరు, అందుకే రెంటినీ పక్కపక్కన పెట్టి తూచడం పూర్తిగా సరికాదు. బ్లాంటైర్ నవజాత శిశువులది ఇంకో కథ, అక్కడ యంత్రం ఖాళీగా ఉంటే సీప్యాప్, లేకపోతే ఆక్సిజన్ ఇచ్చారు, చీటీలు తీసి పంచలేదు. కానీ సలీమా నాకు నేర్పింది ఒకటుంది. మంచి యంత్రాన్ని తగని చోట పెడితే నష్టం సున్నా అనుకుంటాం, మహా అయితే పనిచేయదు అనుకుంటాం. అది నిజం కాదు. ప్రాణం తీయవచ్చు.

అందుకని వంశధార గారి వైపు మొగ్గుతాను, కానీ ఆయన చెప్పిన కారణానికి కాదు. సలీమాలో యంత్రం పాడవలేదు. చక్కగా పనిచేసింది.

నీలిదీపం (తెల్లవారుజామున 4:20)

డాక్టరు గారు రాసిన చివరి రెండు వాక్యాలు చదివి, డ్యూటీలో ఉండి కూడా రాయకుండా ఉండలేకపోతున్నాను. జిల్లా ఆసుపత్రి ఎస్‌ఎన్‌సీయూలో, అంటే జబ్బు చేసిన నవజాత శిశువుల ప్రత్యేక వార్డులో, స్టాఫ్ నర్సును. ఈ రాత్రి మేము ఇద్దరం ఉన్నాం. మంచాలు పన్నెండు, బిడ్డలు పంతొమ్మిది మంది. ముగ్గురు సీప్యాప్ మీద ఉన్నారు.

బుడగలు వస్తే చాలు అనుకుంటారు బయటివారు. మాకు నేర్పినప్పుడు కూడా మొదటి రోజు అలాగే చెప్పారు. బుడగలు ఆగితే ఎక్కడో గాలి పోతోందన్నమాట. ముక్కులో గొట్టం జారిందా, దాన్ని పట్టి ఉంచే టోపీ వదులైందా, బిడ్డ నోరు తెరిచిందా చూడాలి. నోరు తెరిస్తే గడ్డం కింద చిన్న గుడ్డ చుట్ట పెడతాను, బుడగలు మళ్లీ వస్తాయి. ఇది తేలిక.

కష్టమైనది బుడగలు వస్తున్నప్పుడు. గొట్టం ముక్కును గట్టిగా నొక్కుతుంటే గాలి ఎక్కడికీ పోదు, బుడగలు ముత్యాల్లా వస్తాయి, లోపల రెండు రంధ్రాల మధ్య గోడ మాత్రం ఎర్రబడి, తర్వాత నల్లబడుతుంది. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది ఒక బిడ్డకు అలా అయింది. తొమ్మిది వందల యాభై గ్రాముల ఆడపిల్ల. బతికింది. ముక్కు మధ్య గోడ చివర కొంచెం పోయింది. వాళ్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ ప్రతి రెండు గంటలకూ టార్చి వేసి ప్రతి బిడ్డ ముక్కు చూస్తాను. గాలి పొట్టలోకి కూడా పోతుంది, పొట్ట బిగుసుకుంటే వాంతి, వాంతి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే చెప్పనక్కరలేదు. అందుకే నోట్లోంచి పొట్టకు ఒక గొట్టం వేసి పైచివర తెరిచి ఉంచుతాం. అది మూసుకుపోయిందా అని చూడాలి. ఇంకొకటి, వెచ్చటి తేమ గాలి చల్లబడి సీసాలోకి నీరుగా దిగుతుంది. సీసాలో నీళ్లు తగ్గవు, పెరుగుతాయి. నేను 5 దగ్గర పెట్టి వెళ్తే తెల్లారేసరికి 7 అవుతుంది. ఎవరూ ఏ మీటా నొక్కకుండానే బిడ్డ మీద ఒత్తిడి పెరిగిపోయింది. సీసా మీద తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి గీత గీసుకుంటాం.

ఇవన్నీ ముగ్గురు బిడ్డలకు చూడగలం. మిగతా పదహారు మందిని ఎవరు చూస్తారు? యంత్రం ఇంకొకటి వస్తే సంతోషమే, కానీ ప్రతి యంత్రమూ మా నుంచి కొన్ని నిమిషాలు తీసుకుంటుంది. ఆ నిమిషాలు మా దగ్గర ఎన్ని ఉన్నాయో దాన్ని తయారు చేసినవారు ఒక్కరూ వచ్చి అడగలేదు.

బిడ్డ ఏడుస్తోంది. మళ్లీ వస్తాను.

తుంగభద్ర

సిస్టర్ గారూ, మీరు రాసింది మూడుసార్లు చదివాను. మేము వార్డులకు వెళ్తాం, కానీ పగలు వెళ్తాం. వైద్యుల అపాయింట్‌మెంటు తీసుకుని పదకొండు గంటలకు వెళ్లి, వాళ్లు చెప్పింది రాసుకుని మూడింటికి తిరిగి వస్తాం. తెల్లవారుజామున నాలుగింటికి ఏ వార్డులోనూ నేను నిలబడలేదు. ఇది తప్పే.

అయినా నా వాదన వదలను. సీసాలో నీరు పెరగడం మీరు ప్లాస్టరు ముక్కతో కనిపెట్టుకుంటున్నారు. ఎక్కువైన నీరు తానే పొర్లిపోయేలా 5 దగ్గర చిన్న తూము పెడితే, మీ పంతొమ్మిది మంది బిడ్డల్లో ముగ్గురి దగ్గర ఆ చూపు ఆదా అవుతుంది. ఇలాంటి సీసాలు ఖరీదైన సెట్లలో ఇప్పటికే ఉన్నాయి, మన దగ్గరికి రావు. ముక్కును నొక్కని మెత్తని గొట్టం, ఒరుసుకోని టోపీ, ఇవన్నీ ఇంజినీరింగే. నర్సు నిమిషాలు తక్కువ ఉన్నాయి కాబట్టే పరికరం మారాలి.

బాగు చేసేవారు బాగు చేయలేని తప్పు ఇంకొకటి చెప్తాను. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే, వేలికి పెట్టే ఆక్సీమీటరు. దాని వెనక ఉన్న సూత్రాన్ని జపాన్‌లో తకువో అవోయాగి 1970ల్లో కనిపెట్టారు. ఆయన 2020 ఏప్రిల్‌లో కన్నుమూశారు, సరిగ్గా ప్రపంచం మొత్తం ఆ చిన్న పెట్టెను వేలికి తగిలించుకుంటున్న నెలల్లో. ఎన్ని కోట్ల ప్రాణాలకు కాపు కాసిందో. కానీ అదే ఏడాది డిసెంబరులో మిషిగన్ వైద్యులు చూపించారు: ఆక్సీమీటరు 92 నుంచి 96 మధ్య చూపిస్తుండగా నిజానికి రక్తంలో ఆక్సిజన్ 88 కన్నా కిందికి పడిపోవడం తెల్లవారిలో 3.6 శాతం సందర్భాల్లో జరిగితే, నల్లవారిలో 11.7 శాతం. చర్మం రంగు కాంతిని పీల్చుకునే తీరు వేరు, సరిచూసుకున్నది ఎక్కువగా తెల్లచర్మం మీద. ఆ పెట్టె పాడవలేదు, బ్యాటరీ ఉంది, అంకె వెలుగుతోంది. అంకె తప్పు. ఇది వంశధార గారి స్క్రూడ్రైవరుకు అందే తప్పు కాదు. మన దేశంలో ఎన్ని రంగుల చర్మాలున్నాయో మనకు తెలియదా? ఆ పరీక్షలు ఇక్కడే జరగాలి, ఆ పరికరాలు ఇక్కడే పుట్టాలి. విశాఖలో 270 ఎకరాల్లో వైద్య పరికరాల కోసం మెడ్‌టెక్ జోన్ పెట్టి పరీక్షశాలలన్నీ ఒక చోటికి తెచ్చింది ఇందుకే కదా.

వంశధార

ఆక్సీమీటరు మాట ఒప్పుకుంటున్నాను. నా దగ్గర దానికి జవాబు లేదు.

తూము ఉన్న సీసా మాత్రం ఒప్పుకోను. ఆ తూములో నాచు పడితే? పగిలితే? కొత్తది ఏ దుకాణంలో దొరుకుతుంది? సిస్టర్ గారి ప్లాస్టరు ముక్క ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది. ఆరోల్యాబ్ గురించి మీరు రాసిన దాంట్లోనూ ఒకటి వదిలేశారు. లెన్సు చవకైంది నిజమే. కానీ దాన్ని కంటిలో పెట్టే చేతులు అరవింద్‌లో అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. పల్లెటూళ్ల నుంచి ఆడపిల్లలను తీసుకుని, ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చి, శస్త్రచికిత్స చుట్టూ ఉండే పనంతా వాళ్లకు అప్పగించారు. చవక లెన్సు ఆ వరుస చివర వచ్చి కూర్చుంది. అదే లెన్సును వైద్యుడూ సహాయకులూ లేని ఊరికి పంపితే పెట్టెలోనే ఉంటుంది.

నిరుడు వేసవిలో ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటరు, అంటే గాలిలోంచి ఆక్సిజన్ వేరు చేసి ఇచ్చే యంత్రం, చూడటానికి వెళ్లాను. పచ్చ దీపం వెలుగుతోంది, గాలి వస్తోంది, మంచం మీద ఒక ముసలాయన ముక్కుకు గొట్టం ఉంది. ఫిర్యాదు దాని మీద కాదు, పక్క యంత్రం మీద. ఎందుకో ఆక్సిజన్ శాతం కొలిచే ఎనలైజరు దీనికీ పెట్టాను. 90 దాటాల్సిన చోట 48 చూపింది. వెనక ఫిల్టరు మీద వేలు పెడితే దుమ్ము పొరలా లేచింది. లోపల నత్రజనిని పట్టుకునే గుళికలు తేమ తాగి చచ్చిపోయాయి. ఆ ఫిల్టరును వారానికోసారి నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. రూపాయి ఖర్చు లేదు. ఎవరు కడగాలో ఎవరికీ చెప్పలేదు. ఆ పెద్దాయన ఎన్ని రోజుల నుంచి ఆ గాలి పీలుస్తున్నాడో లెక్క వేయడానికి నాకు ధైర్యం చాలలేదు.

కాలిబాట

మీరంతా ఆసుపత్రి లోపల నిలబడి మాట్లాడుతున్నారు. నేను బయట నడిచేవాడిని. రెండేళ్ల వయసులో పోలియో వచ్చింది. ఆరో ఏట కాలికి ఊతమిచ్చే చట్రం, మొదటి క్యాలిపర్, వేశారు. ఇనుప కడ్డీలు, తోలు పట్టీలు, అడుగున బరువైన బూటు. బడి అర కిలోమీటరు. వర్షాకాలంలో తోలు నాని కంపు కొట్టేది, పిల్లలు దూరంగా కూర్చునేవారు. రాత్రి విప్పి గోడకు ఆనిస్తే నా కాలికన్నా అదే పెద్దగా కనిపించేది.

హైదరాబాదులో క్షిపణుల కోసం తయారైన తేలిక పదార్థాన్ని చూసి, నిమ్స్ ఎముకల వైద్యుడు అడిగితే, మూడు కిలోల క్యాలిపర్‌ను 300 గ్రాములకు దించిన సంగతి కలాం గారు ఎన్నో సభల్లో చెప్పారు. తన జీవితంలో పెద్ద ఆనందాల్లో అదొకటి అనేవారు. నాకు తేలిక క్యాలిపర్ ఇరవై రెండేళ్లకు దొరికింది, ప్లాస్టిక్‌ది. ఆ రోజు బస్‌స్టాండు దాకా నడిచి, బస్సు ఎక్కకుండా మళ్లీ ఇంటిదాకా నడిచాను. మా అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. కాబట్టి కొత్తది కనిపెట్టవద్దు అనేవారితో నేను ఎప్పటికీ కలవను.

కానీ జైపూర్ కాలు గురించి ఎవరూ ఎత్తలేదేమిటి? అప్పటిదాకా ఉన్న విదేశీ కృత్రిమ పాదానికి బూటు తప్పనిసరి. బాసింపట్టు వేయలేం, గొంతుకూర్చోలేం, బురదలో దిగలేం. జనం ఇంటికి తీసుకెళ్లి అటక మీద పెట్టేసేవారు. 1968 ప్రాంతంలో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేథీ కలిసి రబ్బరుతో చేసిన పాదం వట్టి కాలితో పొలంలోకి దిగుతుంది. 1975లో డి.ఆర్. మెహతా గారు పెట్టిన సంస్థ దాన్ని ఉచితంగా ఇస్తూ ఎన్నో దేశాలకు తీసుకెళ్లింది. శర్మ గారికి పెద్ద చదువు లేదు. ఆయన చేతిలో పుట్టింది కాబట్టి ఆయనలాంటి చేతులే దాన్ని తయారు చేస్తాయి, అవే బాగు చేస్తాయి. వంశధార గారూ, తుంగభద్ర గారూ, మీరిద్దరూ విడదీసి కొట్లాడుకుంటున్న రెండు పనులు ఆ పాదం దగ్గర ఒకే మనిషి చేశాడు. నడిచేవాడిని పక్కన కూర్చోబెట్టుకుని చేశాడు.

రావిచెట్టు

కాలిబాట గారూ, ధన్యవాదాలు.

సిస్టర్ గారు నిమిషాల గురించి రాశారు కాబట్టి ఒకటి చేర్చాలి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి పెద్ద పరీక్ష వచ్చింది. ఘనా, భారత్, మలావీ, నైజీరియా, టాంజానియా ఆసుపత్రుల్లో 3,211 మంది తక్కువ బరువు శిశువులు. బిడ్డ కుదుటపడేదాకా ఆగకుండా, పుట్టిన వెంటనే తల్లి గుండెలకు ఆనించి ఉంచారు. 28 రోజుల్లో మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. కొత్త యంత్రం ఒక్కటీ లేదు. కానీ దాని కోసం వార్డునే మార్చాల్సి వచ్చింది: ఎస్‌ఎన్‌సీయూ లోపల తల్లికి మంచం, తల్లి పక్కనే సీప్యాప్. ఆ గది గీయడం కూడా ఇంజినీరింగే అంటాను. మా దగ్గర ఇప్పటికీ తల్లి తలుపు బయట వరండాలో చాప మీద ఉంటుంది.

రైస్ విశ్వవిద్యాలయం వారు కూడా ఒక్క యంత్రంతో ఆగలేదు. తర్వాత నెస్ట్360 పేరుతో మలావీ, కెన్యా, టాంజానియా, నైజీరియాలలో పరికరాలతో పాటు నర్సులకు, బాగు చేసేవారికి శిక్షణ కలిపి తీసుకెళ్తున్నారు. ఒక యంత్రం తర్వాత వాళ్లు వెళ్లిన దారి అది. వంశధార గారికి అది బలం.

లెక్కలపుస్తకం

తల్లికి మంచం ఏ పద్దులో కొంటారు డాక్టరు గారూ? పరికరాల్లోనా, ఫర్నిచర్‌లోనా? వెటకారంగా అడగడం లేదు. ఫర్నిచర్ అని రాస్తే ఫైలు మరో శాఖకు వెళ్తుంది, ఏడాది పడుతుంది. శిశు సంరక్షణ పరికరం అని రాయించండి. ఎలా రాయాలో కావాలంటే నేను రాసి ఇస్తాను.

అక్షరమాల

అందరికీ నమస్కారం. బయోమెడికల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. వంశధార గారు చెప్పిన ప్రదర్శనలాంటి దానికే మా బృందం ఒక ప్రాజెక్టు చేస్తోంది. ఈ చర్చ మొదటి నుంచి చదివాక దాన్ని కొనసాగించాలా అని భయం వేసింది. సీప్యాప్ సీసాలో బుడగలు ఆగిపోతే గట్టిగా మోగే అలారం అది. సీసాకు బయట అంటించే చిన్న మైకు బుడగల చప్పుడు వింటుంది, చప్పుడు ఆగితే బజరు మోగుతుంది. మూడు వందల రూపాయల్లో అవుతుంది. నీలిదీపం అక్కా, ఇది మీకు పనికొస్తుందా? పనికిరాకపోతే చెప్పండి, బాధపడను, మానేసి వేరేది చేస్తాం.

నీలిదీపం (ఉదయం 8:50)

అమ్మా, డ్యూటీ దిగి ఇంటికి వచ్చాను. నిద్రపోయే ముందు నీకు రాస్తున్నాను. మానేయవద్దు.

కానీ మోత వద్దు. మా వార్డులో ఇప్పటికే వార్మర్లు మోగుతాయి, మానిటర్లు మోగుతాయి, సిరంజి పంపులు మోగుతాయి. ఏది ఎక్కడ మోగుతోందో తెలియక మా చెవులు వాటిని వినడం మానేశాయి. ఇంకో మోత కలిస్తే మేమే దాని తీగ పీకేస్తాం, వంశధార గారు చెప్పిన ప్రోబులాగే. చిన్న బిడ్డల చెవులకు కూడా మంచిది కాదు. అసలు ఆ మోతల మధ్య మీ మైకుకు బుడగల చప్పుడు వినిపిస్తుందా, అది ముందు చూసుకోండి.

దీపం పెట్టండి. సీసా దగ్గర కాదు, సీసా కింద నేల వైపు ఉంటుంది, వంగితే కానీ కనిపించదు. తీగ కొంచెం పొడుగ్గా తీసి బిడ్డ తలవైపు స్టాండు మీద, తలుపు దగ్గర నుంచి చూసినా కనిపించే ఎత్తులో పెట్టండి. నీలం రంగు వద్దు. కామెర్ల బిడ్డల ఫోటోథెరపీ నీలి వెలుగు గదంతా ఉంటుంది, అందులో కలిసిపోతుంది. ఎరుపు ఇప్పటికే మానిటర్లకు ఉంది. నారింజ రంగు పెట్టి చూడండి. బుడగలు ఆగిన వెంటనే వెలగకూడదు, బిడ్డ కదిలినప్పుడల్లా రెండు మూడు క్షణాలు ఆగుతాయి. పదిహేను సెకన్లు ఆగితే వెలగనివ్వండి.

స్పిరిటుతో తుడిచినా పాడవకూడదు. పెన్సిలు సెల్లుతో నడవాలి, ఆ సెల్లు మా వీధి కొట్లో దొరికేది కావాలి. మాకు ఖాళీ ప్లగ్గులు లేవు.

వచ్చే నెల నాకు మళ్లీ రాత్రి డ్యూటీలు. సూపరింటెండెంటు గారి అనుమతి నేను అడుగుతాను. మీ బృందంలో ఇద్దరు రండి, ఒక రాత్రి మొత్తం ఉండేలా. చెప్పులు బయట వదలాలి, గోళ్లు కత్తిరించుకుని రండి.